హత్సుయే బోర్లించిన సీసా

కితామి కొండల్లో పుదీనా పండించే హత్సుయేకి మొండిమనిషని పేరు. మొగుడు ఎయికిచి పోయాక ఆ పేరు మరింత గట్టిపడింది. మొండితనం లేనివాళ్లు హొక్కైదో చలిలో పుదీనా వేస్తారా అని నా అనుమానం.

ఊరందరికీ నూనె బట్టీ ఒక్కటే. ఆరిన ఆకుకి ఆవిరి పట్టి నూనె తీస్తారు. తొలి మంచు కురవగానే ఇంటికో సీసా బట్టీ ముందు మంచులో పాతిపెడతారు. చలికి నూనెలోని మెంథాల్ పలుకులు కడుతుంది. తలనొప్పి తగ్గించేదీ, దురద మాన్పేదీ ఆ పలుకే. పలుకు తక్కువైన నూనె కలిస్తే ఊరి నూనెంతా పలచబడుతుంది. నిరుడు ఎయికిచి మంచాన పడటంతో హత్సుయే పూత రాకముందే కోసేసింది. సీసా అడుగున చిటికెడు పలుకు కట్టింది, అంతే.

బట్టీ పెద్ద తొకుజో మొహమాటపడలేదు. "ఇంకొక్కసారి చూస్తానమ్మాయ్. మళ్లీ ఇంతే అయితే బట్టీలో నీకు వంతు లేదు."

వంతు లేకపోతే ఆ పంట ఉత్త గడ్డి. ఎయికిచి చెమటోడ్చి బాగుచేసిన చేను అమ్ముకోవాల్సిందే.

ఈ ఏడు అందరూ మొగ్గమీదే కోసేశారు. హత్సుయే మాత్రం పూత నిండితేనే పలుకు నిండుతుందని, విరగబూసేదాకా కొడవలి ముట్టనంది.

"పొగరు కాకపోతే ఏంటే! మంచు పట్టిందంటే ఆకంతా మాడిపోద్ది," అని గట్టుమీంచి అరిచాడు తొకుజో.

"చేతులు నిరుడే కాలాయి బాబాయ్. ఇప్పుడైనా ఆకు పట్టుకోనీ."

"తర్వాత బట్టీ దగ్గరకొచ్చి ఏడవకు."

"ఆ ఘాటుకి అక్కడ అందరికీ కళ్లనీళ్లే. ఎవరేడ్చారో నీకేం తెలుస్తుందిలే!"

గాలి స్తంభించిన ఓ తెల్లవారుజామున మంచు పట్టడం మొదలైంది. హత్సుయే గుర్రానికని దాచిన ఎండుగడ్డిని తడిపి చేను చుట్టూ పొగబెట్టింది. గుర్రం మొహం చూడలేకపోయింది. అంచులు మాడాయి గానీ నడిచేను దక్కింది. పూలు పూర్తిగా విచ్చాకే కోసి, ఆరబెట్టి, అందరికన్నా ఆఖరున బట్టీకెక్కించింది.

తొలి మంచులో పాతిన సీసాలు కొన్నాళ్లకి తవ్వి తీశారు. తొకుజో సీసాలో సగం పలుకు, సగం నూనె. హత్సుయే తన సీసా మూత తీసి, తిన్నగా వెళ్లి ఆయన నెత్తిమీద బోర్లించింది.

"ఓసి నీ దుంపతెగ, కొత్త టోపీయే!" అంటూ ముసలాయన చతికిలబడ్డాడు.

చుక్క రాలలేదు. ఆయన సీసా లాక్కుని తట్టాడు, ఊపాడు, కన్ను పెట్టి లోపలికి చూశాడు.

"గుర్రానికేం పెడుతున్నావే?" అన్నాడు చివరికి.

"ఏముంది పెట్టడానికి?"

"మా కొట్టంలో గడ్డుంది, తోలుకుపో."

"మరి వంతు?"

"నెత్తిమీద బోర్లించి మరీ అడుగుతావేం? వచ్చే ఏడు మొదటి వంతు నీదే."

బట్టీ చల్లారి ఎన్నాళ్లో అయింది. ఆవిరి లేదు, ఘాటు లేదు. హత్సుయే అందరి ముందూ నిలబడి ఏడ్చేసింది.