చెరుకు ట్రాక్టర్ల వరుసలో అక్క గొంతు

అక్క పోయిందన్న మాట నాకు ప్రెస్సులో తెలిసింది. నిజామాబాద్‌లో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకు పెండ్లిపత్రికల కోసం బోధన్ నుంచి ఒక ట్రాక్టర్ డ్రైవర్ వచ్చాడు. కాగితం రంగు ఎంచుకుంటూ ఎంచుకుంటూ ఆగి, "మీ టేపు అక్క పొద్దుగాల దవాఖానల పోయింది గదా తమ్మీ, నీకు ఎరుకలేదా?" అన్నాడు. ఎరుక లేదు. జ్వరమని చేర్పించారని మాత్రం విన్నాను. చేతుల సిరా కూడా కడుక్కోకుండా బోధన్ బస్సెక్కాను.

బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు రైతులు.

"టేపుల మాట్లాడే ఆమె సచ్చిపోయిందట."

"గా బొంగురు గొంతామెనా? అయ్యో పాపం. పోయిన సీజన్ల నన్ను మస్తు తిట్టింది."

"నిన్నెందుకు తిడ్తది? నువ్వెవలో ఆమెకు ఎరుకనా?"

"పేరు పెట్టి తిట్టలే. ఓటేసి పండుకునేటోళ్ళు అన్నది. నేనే గదా!"

ఇద్దరూ నవ్వారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. నన్నెరిగినవారు ఈ మాట నమ్మరు.

కోపం వచ్చింది సమాధి అయిన మర్నాడు, పేపరు చూసి. లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త వేశారు. పాటల క్యాసెట్ల షాపు నడుపుకున్న వితంతువు, దైవభక్తురాలు, శాంతస్వభావురాలు అని రాశారు. దైవభక్తి నిజమే. శాంతస్వభావం అన్నమాట నేను ఒప్పుకోను. ఆమె శాంతంగా ఉన్నట్టు కనబడేది, అంతే. ఈ నాలుగు మాటలు అందుకే రాస్తున్నాను.

ఆమె మా గల్లీ మనిషి. భర్త చెరుకు లారీ నడిపేవాడు. ఆయన పోయాక బస్టాండు వెనక షాపు కోసం ఒక చిన్న మడిగె గది కిరాయికి తీసుకొని, రెండు క్యాసెట్లు పట్టే డెక్కు పెట్టుకుంది. జనం ఖాళీ క్యాసెట్ ఇచ్చి, ఇష్టమైన పాటలు చెప్పి ఎక్కించుకొని పోయేవారు. ఆదివారం మెథడిస్టు చర్చిలో వాక్యం చదివేది ఆమే. గొంతు బొంగురు. కానీ మైకు లేకున్నా వెనక బెంచీ దాకా వినబడేది.

చెరుకు ప్రాంతం ఎరగనివారికి ఒక సంగతి చెప్పాలి. సీజన్ మొదలైతే సర్కారు చక్కెర ఫ్యాక్టరీ ముందు తూకం వేసే కాటా కోసం ట్రాక్టర్లు వరుస కడతాయి. ఒక్కోసారి పగలూ రాత్రీ ఆ వరుసలోనే గడిచిపోతుంది. కోసిన చెరుకు వెనక ఎండుతుంటుంది, తూకం తరుగుతుంటుంది. ముందర డ్రైవర్ చేసేదేమీ లేక టేపు పెట్టుకొని కూర్చుంటాడు.

అడిగిన పాటలన్నీ ఎక్కించాక క్యాసెట్ చివర కొంత టేపు మిగులుతుంది. ఏ షాపువాడైనా దాన్ని అలాగే వదిలేస్తాడు. అక్కకు వృథా నచ్చదు. ఒకసారి ఒక డ్రైవర్ క్యాసెట్ చివర, ఆనాటి పేపర్లోని చెరుకు ధర వార్త చదివి ఎక్కించింది. చదివి ఊరుకోలేదు. "ధర పెంచినమని చెప్పిండ్రు అన్నా. ఎరువుల ధర సంగతి చెప్పలే. అది నువ్వే యాది చేసుకో" అని కలిపింది. ఆ డ్రైవర్ వారం తిరక్కముందే మళ్ళీ వచ్చాడు.

"అక్కా, పాటలు జర తగ్గియ్యి. ముచ్చట పెంచు."

వరుసలో ఉన్నవాళ్ళు పాటలు ముందుకు తిప్పేసి, చివరి ముచ్చట కోసం క్యాసెట్ అడుక్కుంటున్నారట. అట్లా మొదలైంది. కొసన మిగిలిన టేపులో పుట్టిన ముచ్చట కొన్నాళ్ళకు సైడంతా నిండింది. ఢిల్లీలో బడ్జెట్ పెడితే ఎడపల్లిలో బెల్లం ధర ఎందుకు కదులుతుంది, ఎలక్షన్ల ముందు పడిన రోడ్డు ఎలక్షన్ల తర్వాత ఎందుకు లేస్తుంది, ఫ్యాక్టరీని ప్రైవేటుకు ఇస్తే రైతు సంగతేమిటి. క్యాసెట్ ఒక ట్రాక్టర్ నుంచి ఇంకో ట్రాక్టర్‌కు చేతులు మారుతూ, కాటా దాకా పోయి, ఖాళీ ట్రాక్టర్‌లో ఊళ్ళకు చేరేది.

అప్పుడు నేను ఇంటర్ తప్పి, దొరికిన కరపత్రమల్లా చదువుతూ, ఈ లోకం నా మాట విననందువల్లే ఆలస్యంగా మారుతోందని మండిపడుతున్న రోజులు. ఒక సాయంత్రం మడిగెలోకి పోయి నిలదీశాను.

"అక్కా, నువ్వు ప్రజల కోపాన్ని చల్లారుస్తున్నవ్. చర్చిల చదివినట్టు చదువుతున్నవ్."

ఆమె కొత్త క్యాసెట్ పెట్టి మైకు నా ముందుకు తోసింది. "నువ్వు మాట్లాడు."

మాట్లాడాను. పిడికిలి కూడా బిగించాను. టేపులో పిడికిలి కనబడదన్న తెలివి అప్పుడు లేదు. వెనక్కి తిప్పి వినిపించింది. ఒక అరుపు, ఒక గరగర, మళ్ళీ అరుపు.

"ఏమన్న అర్థమైందా?"

"లేదు."

"నాగ్గూడ గాలే. కోపం ఉండనీ తమ్మీ, మంచిదే. దాన్ని గొంతులకెల్లి తీసి మాటల పెట్టు."

ఆనాటి నుంచి ఆమె అడిగేది, నేను చెప్పేవాణ్ణి. రికార్డింగ్‌కు ముందు షట్టరు సగం దించి, బస్సుల హారన్లు వినబడకుండా తలుపుకు గొంగడి వేలాడదీసేది. చేతి గాజులు తీసి పక్కన పెట్టేది, చప్పుడు మైకులో పడుతుందని. నేను "పెట్టుబడిదారీ దోపిడీ" అనగానే టక్కున ఆపేది.

"గా మాట పొద్దుగాల చాయ్ తాగుకుంట ఎవ్వలితోనన్న అన్నవా?"

"అనలే."

"మరి గిండ్ల ఎందుకు? అవ్వకు చెప్పినట్టు చెప్పు."

ఆమె అన్నమాటల్లో వరుసలోని డ్రైవర్లు ఎక్కువగా తిప్పి తిప్పి అనుకున్నది ఒకటుంది. "ఓటు ఒక్క దినం. రేటు ఏడాదంత." నేను చదివిన కరపత్రాలన్నీ కలిపి పిండినా ఇంత చిన్న మాట రాలేదు.

మాకిద్దరికీ గొడవ పడింది బి సైడు మీద. ఎ సైడు మాది. బి సైడు మాతో ఒప్పుకోనివారిది. అది ఆమె పెట్టిన పద్ధతి. ఎవరైనా మడిగెకొచ్చి తిట్టిపోతుంటే, "కూసో అన్నా, గిదే మాట మైకుల చెప్పు" అనేది. నాకు ఒళ్ళు మండేది.

"వాళ్ళకు స్టేజీలున్నయ్, జీపులున్నయ్. మన క్యాసెట్ల గూడ జాగ ఎందుకక్కా?"

"స్టేజీ మీద వాళ్ళను ఎవ్వలు అడుగుతరు? గీడ నేనడుగుత."

ఒకనాడు మా ప్రాంతపు చెరుకు రైతుల నాయకుడే వచ్చాడు. వెనక నలుగురు.

"ఏందమ్మా, పాటలు నింపుకోక నీకెందుకు రాజకీయం? ఆడమనిషివి."

"చక్కెర మొగోళ్ళే తింటున్నరా అన్నా? కూసో. చాయ్ తెప్పియ్యాల్నా?"

కూర్చున్నాడు. బి సైడు నిండా మాట్లాడాడు. మంచి మాటకారి, అది ఒప్పుకోవాలి. "ఫ్యాక్టరీని ప్రైవేటోళ్ళకు పోనియ్య. గేటుకు అడ్డం పండుకుంట" అన్నాడు. అక్క మెల్లగా అడిగింది: "రేపు మీ పార్టే పోనియ్యిమంటే?" ఆయన తడుముకోకుండా, "పార్టీకే అడ్డం పండుకుంట" అన్నాడు. ఆ సీజన్‌లో ఆ క్యాసెట్ తిరిగినంత ఏదీ తిరగలేదు.

ఎలక్షన్లు వచ్చాయి. ఆయనకు టికెట్ వచ్చింది. టికెట్‌తో పాటు కొత్త మాటా వచ్చింది. ప్రైవేటైతేనే ఫ్యాక్టరీ బాగుపడుతుందని సభల్లో చెప్పడం మొదలుపెట్టాడు. వరుసలో డ్రైవర్లు పాత బి సైడు పెట్టుకొని నవ్వుతున్నారని ఆయనకు తెలిసింది. మనుషులు మడిగెకు వచ్చారు.

"అన్న మాట్లాడిన క్యాసెట్లు వాపస్ తెప్పియ్. చెరిపెయ్."

"చెరుపుడెందుకు?" అంది అక్క. "మనిషన్నంక మాట మారుతది, తప్పుగాదు. ఎందుకు మారిందో అన్ననే వచ్చి చెప్పుమను. సైడంత ఆయనకే ఇస్త."

వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశారు. ఆ వారమే మడిగె యజమాని వచ్చి, "ఖాళీ చెయ్యమ్మా, మా అల్లునికి కావాలె" అన్నాడు. చర్చి పెద్ద ఒకాయన ఇంటికొచ్చి, "బిడ్డా, పెద్దోళ్ళతోటి మనకెందుకు?" అన్నాడు. "అయ్యగారూ, నేను ఎవ్వల్నీ తిట్టలే. పిలిచిన. పిలుసుడు గూడ తప్పేనా?" అంది. ఆ మడిగె పోతే ఆమెకు వేరే ఆధారం లేదు. ముసలి తల్లి ఆమె మీదే బతుకుతోంది. ఇది ఆమెకు తెలియక కాదు.

నేను మాత్రం ఊగిపోతున్నాను. పాత క్యాసెట్ తీసుకుపోయి ఆయన సభ పక్కనే లౌడ్‌స్పీకర్‌లో పెడదామన్నాను.

"గది దొంగదెబ్బ" అంది. "జవాబు అడుగు. రాకుంటే రాలేదని చెప్పు. గంతే మన పని."

ఆ వారం క్యాసెట్‌లో ఎ సైడు ఎప్పటిలాగే ఉంది. బి సైడు మొదట్లో అక్క గొంతు: "ఈ సైడు అన్నకిచ్చినం. రమ్మన్నం. ఇంక రాలే. ఆయన మాట్లాడేదాక వినుర్రి." ఆ తర్వాత ఏమీ లేదు. ఉత్త టేపు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కాటా వరుస దగ్గరికి పోయాం. ఒక ట్రాక్టర్‌లో బి సైడు నడుస్తోంది. సన్నటి సొద తప్ప మాట లేదు. పక్క ట్రాక్టర్ వాడు అడిగాడు.

"ఏందిరా, టేపు ఖరాబైందా?"

"కాలే. అన్న మాట్లాడుతుండు, ఇను."

నవ్వు ఒక ట్రాక్టర్ నుంచి ఇంకో ట్రాక్టర్‌కు పాకింది. ఎవడో సౌండ్ ఇంకా పెంచాడు. ఒక ముసలి రైతు మాత్రం నవ్వలేదు. చెరుకు గడల మోపుకు ఆనుకొని, చెవి అటే పెట్టి, సైడు అయిపోయి బటన్ టక్కుమని లేచేదాకా కూర్చున్నాడు.

"అయిపాయెనా?"

"అయిపాయె తాతా."

"ఏం జెప్పలేదా?"

"చెప్పలే."

తువ్వాల దులుపుకొని లేచాడు. "సరే. గదే చెప్పిండనుకుంట" అన్నాడు. అక్క ఆ మాట విని తల అటు తిప్పుకుంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత ఆయన ఓడిపోయాడని రాస్తే చదివేవారికి బాగుండును. ఆయన గెలిచాడు. అక్క మడిగెకు తాళం పడింది. డెక్కును ఇంటి వసారాలోకి మోసింది నేనే. మోసి, అరుగు మీద కూలబడ్డాను.

"గెలిచిండు గదక్కా!"

"గెలువనీ. గెలిచినోడు జవాబు చెప్పొద్దని ఎక్కడున్నది? లే, గొంగడి కట్టు."

ఆ రోజు కూడా రికార్డింగ్ జరిగింది. ఆ తర్వాత ప్రతి వారం జరిగింది. వసారాకు షట్టరు లేదు గనుక కోడికూతలు, పక్కింటి పిల్లల ఏడుపులు కూడా టేపులోకి ఎక్కాయి. పాటలు ఎక్కించుకునేవాళ్ళు తగ్గారు. పూట గడవడానికి చర్చిలో పిల్లల బట్టలు కుట్టింది. బతిమాలుకోలేదు. ఆయన్ను తిట్టనూ లేదు. వారం వారం అదే ప్రశ్న అడిగింది. శాంతస్వభావం అని పేపర్లో రాసింది దీన్నేనా? అట్లయితే ఆ శాంతం మాకందరికీ కావాలి. ఈ సీజన్‌లోనూ టేపు ఉంటుంది, నేను నింపుతాను. ఎవరు అడ్డంపడినా ఉంటుంది. బి సైడూ ఉంటుంది, అది నాకు ఇప్పటికీ గిట్టకపోయినా.

సమాధి రోజు ముసురు పట్టింది. ఊరి బయట సమాధుల తోట గేటు దగ్గర మట్టి రోడ్డు మీద ఎంతమంది డ్రైవర్లున్నారో. సగంమంది హిందువులు, తురకలు. లోపల ఏ పాటకు లేచి నిలబడాలో తెలియక పాటపాటకూ లేచారు. ప్రార్థన నడుస్తుండగా జీపు వచ్చింది. పెద్ద దండతో నాయకుడు దిగాడు. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను. అక్క తల్లి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎవ్వల్నీ ఆపకు బిడ్డా. దానికి నచ్చదు."

పక్కకు జరిగాను. జరగడం నాకు ఎంత కష్టమైందో ఆ అవ్వకు తెలుసు, చెయ్యి వదల్లేదు.

ఆయన దండ వేశాడు. అంతా అయ్యాక గేటు దగ్గర జనం వైపు తిరిగి, "ఆమె నాకు సొంత చెల్లె లెక్క" అని మొదలుపెట్టాడు. వెనక నుంచి ఒక డ్రైవర్, అరవకుండా, ఇంట్లో అడిగినట్టు అడిగాడు.

"గది సరే అన్నా. ఫ్యాక్టరీ సంగతి ఏమన్నవ్?"

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆయన మొఖమే చూస్తున్నారు. ఆయన ఆకాశం వైపు చూసి, "వాన పెద్దగయేటట్టున్నది" అని జీపెక్కాడు.

జీపు పోయిందో లేదో ఇద్దరు పెద్ద రైతులు అందుకున్నారు.

"పోనీ తియ్యి. ప్రైవేటోడైతే పైసలన్న టైముకు ఇస్తడు."

"ఇచ్చుడు గాదు, రేపు మూసిపెట్టి పోతే నీ చెరుకు మీ మామ కొంటడా?"

"మా మామ జోలికి రాకు!"

పాస్టరుగారు వచ్చి, "ఇది సమాధుల తోట, మెల్లగా" అన్నారు. మెల్లగానే, కానీ ఆపకుండా, ఇద్దరూ ఊరి దారి పట్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. పట్టుకున్నాయనకు మాట మాటకూ చెయ్యి ఊగుతోంది. గొడుగు పక్కకు పోయి ఇద్దరూ తడుస్తున్నారు. మళ్ళీ తెచ్చి రెండో ఆయన నెత్తి మీద పట్టి, మళ్ళీ తగువు. మలుపు తిరిగాక మనుషులు కనబడలేదు. ఏపుగా పెరిగిన చెరుకు ఆకుల పైన ఆ నల్ల గొడుగు కొస ఒక్కటే, ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఒరుగుతూ, వానలో చాలా దూరం పోతూ కనబడింది.