సువైక్ తోటలో మోట చప్పుడు

దయ్యాలున్నాయంటే నవ్వే రకం నేను. నా అనుమానమంతా మనుషుల మీదే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా జగిత్యాల వైపు సామెత. ఆ సామెత పట్టుకునే బతికాను.

తొంభైల మొదట్లో ఒమన్‌లో బుల్డోజర్ నడిపేవాణ్ని. సువైక్ దగ్గర ఒక పాత ఖర్జూర తోటను చదును చేసి గోదాములు కట్టే పని మా కంపెనీకి వచ్చింది. ఆ తీరంలో మొదట వేసిన తోట అదేనట. అందులో సలీం బాబా అనే ముసలాయన ఒక్కడే ఉండేవాడు. బావి ఆయన ముత్తాత తవ్వించింది. భూమిని ఆయన అన్న కొడుకులు అమ్మేశారు. తోట పోతే తానూ పోతానని వచ్చీరాని హిందీలో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆ బావి చూడగానే మా తాత గుర్తొచ్చాడు. ఎద్దులు తాడు లాగితే తోలుసంచి నీళ్లు పైకి తెచ్చే మోట బావి. ఆ మాటే బాబాకు చెప్పాను కూడా. కానీ గిలక ఊడి కింద పడుంది. తాడు లేదు, ఎద్దులు లేవు. బకెట్‌తో చేది నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు. మోటర్లు వచ్చాక సముద్రం బావుల్లోకి వచ్చేసిందని బాబా వాపోయాడు.

మధ్యాహ్నం అన్నాలు తిని చెట్ల కింద నడుం వాల్చాం. గిలక కీచుమంది. వెంటనే బావి పక్కనున్న తొట్టిలో నీళ్లు పడ్డాయి. చిన్నప్పుడు రోజూ విన్న చప్పుడే. మా రూమ్‌లో ఉండే రాజన్న లేచి కూర్చున్నాడు.

"అన్నా, ఎవరో మోట కొడుతున్నరే!"

వెళ్లి చూస్తే ఎవరూ లేరు. తొట్టి తడిసి ఉంది. అడుగున నిలిచిన నీళ్లు నాలుక మీద వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి.

పని ఆపించడానికి ముసలాయన ఆడే నాటకమనుకున్నాను. ఒళ్లు మండింది. గిలకను పికప్‌లో వేసి తీసుకెళ్లి నా మంచం కింద దాచాను. మర్నాడు బాబా ఆస్పత్రికి వెళ్లాడు. అన్నం వేళకు మళ్లీ అదే చప్పుడు. ఈసారి తొట్టి అంచుదాకా నిండింది. భయమేసింది. అయినా, ఎవరినో పురమాయించి వెళ్లాడని సర్దిచెప్పుకున్నాను.

కాంక్రీటుకు ఉప్పునీళ్లు పనికిరావు, ట్యాంకర్లతో తెప్పించేవాళ్లం. అందుకని తొట్టిలో మంచినీళ్లున్నాయని ఇంజనీరుకు చెప్పాను. ఆయన బావిలోంచి చేదించి తాగి చూశాడు. మంచినీళ్లే! పైవాళ్లతో మాట్లాడి బావినీ తోటనూ వదిలేసి గోదాములను పక్కకు జరిపించాడు.

గిలక తిరిగి ఇవ్వడానికి వెళ్తే బాబా నా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"మాలూమ్ హై బేటా. మోట కొట్టింది నువ్వే. మీ ఊళ్లోనూ ఉందన్నావుగా. ఎవరికీ చెప్పనులే."

కాదని ఒట్టేశాను. ఆయన నవ్వి నా భుజం తట్టాడు.

అన్నాళ్లూ నేను అనుమానించింది ఆయన్ని. ఆయన అనుకున్నది నన్ను. మా ఇద్దరిలో ఎవరూ కానప్పుడు ఆ నీళ్లు తోడిందెవరో నాకిప్పటికీ తెలియదు.