పదహారేళ్ళవాడి లైసెన్సు కోసం పదకొండు వారాలు

2004 మే 17, సోమవారం, ఉదయం ఐదుంబావుకు మా అబ్బాయి బాత్రూములో పడిపోయాడు. ఫిట్స్. ఏడాదిపాటు స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

అప్పుడు మేం గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అబ్బాయి పనిచేసే ఫ్యాక్టరీకి కంపెనీ బస్సు ఉంది. ఇబ్బందల్లా కోడలిది. ఆమె పక్క ఊరు అజ్మాన్‌లో ఒక క్లినిక్కులో తొమ్మిదేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియను. కొత్త సంవత్సరం నుంచి హెడ్ టెక్నీషియన్‌ని చేస్తామన్నారు. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళు ఆరున్నరకే వచ్చి కూర్చుంటారు. ఆ వేళకు మా వీధిలోకి టాక్సీ రాదు. రోజూ అబ్బాయే కార్లో దింపి వచ్చేవాడు. క్లినిక్కు ముదీర్, అంటే మేనేజరు, మంచివాడే. అక్టోబరు ఆఖరుదాకా తొమ్మిదింటికి రమ్మన్నాడు. ఆ తర్వాత పొద్దుటి డ్యూటీకి రాలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు.

మర్నాడు వంటింట్లో కోడలు అడిగింది. "అత్తయ్యగారూ, నేను డ్రైవింగ్ నేర్చుకోనా?"

"నీకు రోడ్డు దాటాలంటేనే గుండె దడ. నువ్వేం నడుపుతావులే" అన్నాను. ఆమె పప్పులో తిరగమోత వేసింది.

నా చూపు మనవడి మీద ఉంది. వాడికి పదహారేళ్ళ నాలుగు నెలలు. ఆ వారంలోనే మా చెల్లెలి కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. "మా రాష్ట్రంలో అయితే ఇంట్లో కష్టముంటే పదిహేనేళ్ళ పిల్లలకీ లైసెన్సు ఇస్తారు పెద్దమ్మా. డాక్టరు ఉత్తరం, స్కూలు ఉత్తరం కావాలి. బండి నడపగల పెద్దవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ ఉండకూడదు."

నేను ముప్పై మూడేళ్ళు ఖజానా కార్యాలయంలో పనిచేశాను. నిబంధన ఉన్న ప్రతిచోటా దాని కింద ఒక మినహాయింపు ఉంటుందనీ, సరైన కాగితాలు పెడితే అది దొరుకుతుందనీ నా నమ్మకం. అక్కడ ఉన్నది ఇక్కడెందుకు ఉండదనుకున్నాను. డాక్టరు ఉత్తరం, స్కూలు ఉత్తరం, క్లినిక్కు డ్యూటీ వేళల ఉత్తరం సంపాదించాను. అన్నిటినీ టైపింగ్ సెంటర్లో అరబ్బీలో రాయించాను. సెలవుల్లో స్కూలు మూసేశారు, ఒక సంతకం కోసం మూడు వారాలు ఆగాను.

మనవడు అప్పటికే కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ తిరుగుతున్నాడు. "మామ్మా, ఫస్ట్ నిన్నే డేరా బజారుకు తీసుకెళ్తా. అమ్మ మాత్రం వెనక సీట్లో కూర్చోవాలి. ముందు కూర్చుంటే కేకలేస్తుంది."

"ముందు లెక్కల్లో పాసవ్వరా" అన్నాను. కోడలు నవ్వింది.

ఆగస్టు 3న ముగ్గురం లైసెన్సు ఆఫీసుకు వెళ్ళాం. అధికారి నా కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. "అఠారా సాల్. ఖలాస్" అని తిరిగిచ్చేశాడు. పక్క బల్ల దగ్గర కరీంనగర్ మనిషి ఒకాయన గుమాస్తా.

"పద్దెనిమిది నిండాల్నట అమ్మా. గిది అమెరికా గాదు. గీ మేడమ్ ఎవరు?"

"పిల్లాడి తల్లి."

"మేడమ్‌కు లైసెన్స్ లేదా? మరి ఆమె పేరు మీదనే ఫైల్ తెరువుండ్రి గద. పోరగాని వెంట ఎందుకు పడ్తున్నరు?"

"ఆవిడకి భయమండీ" అన్నాను.

కోడలు నా వైపు తిరిగింది. "నేనెప్పుడన్నానండీ?"

గుమాస్తా తలొంచుకుని నవ్వాపుకున్నాడు. బండి నడపగల పెద్దవాళ్ళు ఇంకెవరూ ఉండకూడదన్న షరతుకు అర్జీలో 'ఎవరూ లేరు' అని నేనే చెప్పి రాయించాను. రాయించేటప్పుడు ఆమె నా పక్కనే నిలబడి ఉంది. స్టీరింగు కొడుకు వదిలితే మనవడి చేతికి రావాలన్నది ఎవరూ పెట్టని రూలు. ఖజానాలో ఎన్నో రూళ్ళను ప్రశ్నించిన నేను దీన్ని మాత్రం చూడనే లేదు.

ఆమె ఆ రోజే కళ్ళ పరీక్ష చేయించుకుని ఫైలు తెరిచింది. డ్యూటీ అయ్యాక ఎండలో క్లాసులకు వెళ్ళేది. పార్కింగులో ఒకసారి, రౌండెబౌట్ దగ్గర ఒకసారి ఫెయిలయింది. డిసెంబరు 21న పాసయింది. నవంబరు ఒకటినే క్లినిక్కులో వేరే అమ్మాయి చేరిపోయింది.

ఆమెకు పట్టింది సరిగ్గా ఇరవై వారాలు. నన్ను అడిగిన మే 18నే మొదలుపెట్టి ఉంటే అక్టోబరు 5కు లైసెన్సు చేతిలో ఉండేది. గడువుకు ఇంకా ఇరవై ఆరు రోజులు మిగిలేవి. ఈ లెక్క నేను ఆమెకు చెప్పలేదు. ఆమె ఎప్పుడో వేసుకునే ఉంటుంది.

జనవరిలో నన్ను డేరా తీసుకెళ్ళింది ఆమే. ఎక్కగానే వంగి నాకు బెల్టు పెట్టింది, ఏసీ గాలి మొహానికి తగలకుండా తిప్పింది. దారంతా ఒక్కసారైనా బ్రేకు గట్టిగా తొక్కలేదు. బాగా నడుపుతున్నావని చెప్పాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

జూన్ ఒకటిన ఆమెకు ఉమ్ అల్ క్వైన్‌లోనే ఒక చిన్న ల్యాబ్‌లో జూనియరుగా పని దొరికింది.

మనవడికి ఏమీ పోలేదు. 2006లో పద్దెనిమిది నిండాక వాడి లైసెన్సు వాడికి మామూలుగానే వచ్చింది. పోయినవన్నీ కోడలివి: తొమ్మిదేళ్ళ ఉద్యోగం, కొత్త సంవత్సరం నుంచి ఇస్తామన్న హెడ్ టెక్నీషియన్ పదవి, ఏడు నెలల పని. అందులో నాది ఒక్కటీ లేదు.