మూడో గుడ్డ

ఆవిడను పనిముట్లు శుభ్రం చేసే గదికి ఇన్‌ఛార్జిని చేస్తున్నట్టు కాగితం వచ్చిన రోజున ఆస్పత్రి కింది అంతస్తులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకు మాత్రం భయం పట్టుకుంది. పన్నెండేళ్ళుగా ఆపరేషన్ పనిముట్లు కడుగుతున్న మనిషి. కత్తెర కీలులో ఎండిన రక్తపు చుక్క ఉంటే కళ్ళు మూసుకుని వేలితో పట్టేస్తుందని కత్తెరమ్మ అని పేరు పెట్టారు. ఆ పన్నెండేళ్ళలో ఆవిడకు భయమన్నది తెలియదు. ఎందుకుంటుంది? కడిగేది ఆవిడే అయినా, థియేటర్‌కు వెళ్ళే పనిముట్ల మూటల మీద సంతకం పెట్టేది ఇన్‌ఛార్జి పెద్దక్క. ఆ పెద్దక్క కాస్తా రిటైరై వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ సంతకం కత్తెరమ్మ పెట్టాలి.

"పనంతా నీ చేతిలోనే ఉందిగా. సంతకమంటే నాలుగక్షరాలు, అంతే!" అని నవ్వాడు భర్త. గోడలకు రంగులు వేస్తాడాయన.

"మీ పని చెడితే గోడ పెచ్చులూడుతుంది. నా పని చెడితే మనిషి పోతాడు," అంది ఆవిడ. ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆ గదిలో పని ఇలా ఉంటుంది. కడిగి ఆరబెట్టిన పనిముట్లను ట్రేలో పేర్చి, రెండు గుడ్డలు చుట్టి, మూట కట్టి, పైన టేపు అంటించి ఆవిరి మిషన్లో పెడతారు. వేడి తగిలితే టేపు మీది గీతలు నల్లబడతాయి. మూట నడిమధ్యన ఒక చీటీ కూడా ఉంటుంది. ఆవిరి లోపలిదాకా వెళితేనే అది నల్లబడుతుంది. ఆ చీటీ కనిపించేది మూట విప్పినవాళ్ళకే, అంటే పైన థియేటర్లో వాళ్ళకే. చూడాలని రూలుంది. హడావిడిలో ఎంతమంది చూస్తారో ఆ దేవుడికే తెలియాలి.

మొదటి వారమంతా ఆవిడకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఏ మూట పట్టుకున్నా గుడ్డ పలచగా అనిపించేది. దారిలో దుమ్ము పడితే? ఎవరిదైనా తడి చెయ్యి తగిలితే? ఎనిమిదో రోజు పొద్దున్నే నాలుగు మూటలకు రెండు గుడ్డల మీద మూడోది కూడా చుట్టింది. అదీ చాలదన్నట్టు బలమంతా పెట్టి బిగించింది. పెద్దక్క ఉంటే చేతి మీద ఒక్కటి వేసేది. మిషన్లోంచి టేపులు నల్లగా నిగనిగలాడుతూ వచ్చాయి. సంతకం పెట్టి మూడింటిని పైకి పంపింది.

పదకొండింటికి నాలుగో మూట చెయ్యి జారి కింద పడింది. నేల తాకిన మూటను మళ్ళీ ఆవిరి పెట్టాల్సిందే కాబట్టి విప్పింది. లోపల చీటీ తెల్లగా ఉంది.

వెలుతురులో పెట్టి మళ్ళీ చూసింది. భద్రం కోసమని చుట్టిన గుడ్డే ఆవిరిని లోపలికి పోనివ్వలేదు. గదిలో ఇంకెవరూ లేరు. చీటీని చెత్తబుట్టలో వేస్తే మూడో కంటివాడికి తెలియదు. కుట్లు చీము పట్టడానికి సవాలక్ష కారణాలు, ఈ కింది గది ఎవరికి గుర్తొస్తుంది? అలా ఆలోచించినందుకు ఆవిడకు తనంటే తనకే భయం వేసింది. ఫోన్ అందుకుంది.

"సిస్టర్, కింది గదినుంచి మాట్లాడుతున్నా. పొద్దున పంపిన మూటలు విప్పకండి. లోపలికి ఆవిరి వెళ్ళలేదు."

"ఏంటి నువ్వనేది? ఒకటి విప్పేశాం. ఆపరేషన్ కూడా అయిపోయింది. పేషెంటుని వార్డుకి పంపేశాం."

"లోపల చీటీ చూశారా?"

"టేపు నల్లగానే ఉంది కదా..." అంది సిస్టర్, గొంతు సన్నగా.

మిగిలిన రెండు మూటలూ వెనక్కి వచ్చాయి. వాటి వెనకే పెద్ద డాక్టరు దిగాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గది గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఆవిడ ఏదీ దాచకుండా, తాను చుట్టిన మూడో గుడ్డతో సహా చెప్పేసింది. అరుస్తాడనుకుంది. అరవలేదు, దాంతో భయం ఇంకా పెరిగింది. "మందులు మారుస్తాను. అయిదు రోజులు చూడాలి. జ్వరం వస్తే అప్పుడు మాట్లాడదాం," అని వెళ్ళిపోయాడు.

ఆ పేషెంటు రిటైరైన బస్సు డ్రైవరు, కబుర్ల పోగు. రోజుకు మూడుసార్లు ఆవిడ వార్డుకెళ్ళి, ఆయన మంచానికి తగిలించిన కాగితంలో జ్వరం గీత చూసి, ఆయన చెప్పే కబుర్లకు ఊకొట్టి వచ్చేది. మూడో రోజు గీత కాస్త పైకి లేచింది. ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు.

"నాకీ కుర్చీ వద్దండీ. మళ్ళీ కత్తెరలే కడుక్కుంటాను," అంది భర్తతో. ఆయన పళ్ళెం పక్కకు జరిపి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

నాలుగో రోజుకు గీత దిగింది. అయిదో రోజు ముసలాయనను ఇంటికి పంపించేస్తున్నారు.

"నా సొంతవాళ్ళు కూడా ఇన్నిసార్లు రాలేదు. అసలు నువ్వెవరమ్మా?" అన్నాడాయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నవ్వేసి వచ్చేయొచ్చు. గండం గడిచిపోయింది కూడా. అయినా ఆవిడ మంచం పక్కన నిలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

గుండీ దగ్గరే ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను," అన్నాడు ఆవిడ వైపు చూడకుండా. "రెండుసార్లు స్టీరింగ్ మీదే కునుకు పట్టింది. వెనకాల నలభై మంది. వాళ్ళకీ తెలీదు, మా ఇంట్లోనూ తెలీదు. ఇదిగో, నీకే చెప్తున్నా."

మిగిలిన గుండీలు పెట్టుకుని ఆవిడ వైపు తిరిగాడు.

"వచ్చే నెల మా ఆవిడకి ఇక్కడే ఆపరేషన్. కింద నువ్వే ఉంటావా?"

"ఉంటాను బాబాయ్," అంది. ఆ నెలంతా తనకు నిద్ర ఉండదని ఆవిడకు తెలుసు.