మేయరు గారి క్రాసు

ఫక్రున్నీసా గారికి ప్రశ్నగా తప్ప నోట మాట రాదు. ఇరవై ఏళ్ళు బెజవాడ కోర్టులో ప్లీడరుగా సాక్షుల్ని అడ్డుప్రశ్నలతో క్రాస్ చేసి చేసి, నగరానికి మేయరయ్యాక కూడా ఆ అలవాటు వదల్లేదు. ప్రమాణ స్వీకారం రోజున దండ వేయబోయిన పెద్దమనిషిని ఆపి, "ఈ పూలు ఇవాళే కోశారని మీకెవరు చెప్పారు?" అన్నారు.

"కొట్టువాడండీ."

"అంటే మీరు కళ్ళారా చూడలేదు!"

పాపం, ఆయన దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆవిడ వెంట ప్లీడరు రోజులనాటి గుమాస్తా హనుమయ్య ఉంటాడు. ఆవిడ అడిగిందీ, ఎదుటివాళ్ళు చెప్పిందీ కాగితం మీద పెట్టందే అతనికి తోచదు. కోర్టు భాష ఎంత ఒంటబట్టిందంటే, భార్య సీతారావమ్మ "పప్పులో ఉప్పు తగ్గిందా?" అంటే "తగ్గిందనడం నిజం కాదు" అంటాడు.

ఒకరోజు పొద్దున్న గవర్నర్‌పేటలో అమలమ్మ దోసెల బండిని కార్పొరేషన్ అధికారి, అతని మనుషులు లారీలోకి ఎక్కించేశారు. వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు లేదట. ఆ బండి పోతే ఆమెకు బతుకే లేదు. సరిగ్గా అప్పుడే మేయరు కారు వచ్చి ఆగింది. హనుమయ్య కాగితాలతో ఆవిడ వెనకే దిగాడు. ఏడుస్తున్న మనిషిని ఈవిడ క్రాస్ చేస్తారు కాబోలు!

చేశారు.

"కార్డుకి దరఖాస్తు పెట్టలేదు. నిజమా, కాదా?"

"నిజమేనమ్మా. నాకు రాయటం రాదు. ఆ ఫారం చూస్తేనే చెమటలు పడతాయి."

"ఏ ఊరు?"

"మైలవరం."

"ఈ మూల ఎన్నేళ్ళనుంచి?"

"పందొమ్మిదేళ్ళు."

"చూసినవాళ్ళున్నారా?"

అమలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని హనుమయ్యను చూపించింది. "ఈయనగారేనమ్మా. మొదట్నుంచీ పొద్దున్నే నాలుగు దోసెలు తింటారు."

షుగరొచ్చాక రాగిజావ తప్ప ముట్టడం లేదని ఇంట్లో నమ్మించిన హనుమయ్య కలం ఆగిపోయింది.

"హనుమయ్య గారూ?"

"తిన్నాననడం నిజం..." అని అలవాటుకొద్దీ మొదలెట్టి, లారీలోని బండి వంక చూశాడు. "నిజమేనండీ!"

"అంతా రాశారా?"

"రాశానండీ."

"అదే ఈవిడ దరఖాస్తు. వేలిముద్ర వేయించండి. సాక్షిగా మీరు సంతకం పెట్టండి." తర్వాత అధికారి వైపు తిరిగారు. "దరఖాస్తు విచారణలో ఉండగా బండి ఎత్తుకుపోతారా?"

అధికారి లారీ వాళ్ళకి సైగ చేశాడు. బండి కిందికి దిగింది.

రాయటం రాని మనిషి చేత నోటితోనే ఫారం నింపించారని హనుమయ్యకు అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ ఆవిడ ప్రశ్నలు రాశాడే గానీ, అవి ఎవరి కోసమో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆవిడ మీద ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది. ఆ వెంటనే భయమూ వేసింది.

"మేడమ్, ఈ కాగితం సంగతి తెలిస్తే సీతారావమ్మ నన్ను క్రాస్ చేస్తుందండీ. మీరే కాపాడాలి."

"ఆ కోర్టులో నేను ప్రాక్టీసు చెయ్యను హనుమయ్య గారూ," అని నవ్వేసి కారెక్కారు మేయరు.