నీడల అంకె

జూన్ పదకొండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా ఆయన బస్‌స్టాపులో నిలబడ్డ ఒక మనిషిని గుద్దారు. కంప్యూటర్ ఆటలోని బస్సు, ఆటలోని మనిషి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆయన స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేసి, కుర్చీలో వెనక్కి జరిగిపోయారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ నగరంలో బస్సు నడిపిన మనిషి. ఒక్కరికి కూడా బంపర్ తగలనివ్వలేదని రిటైరైన రోజు డిపోవాళ్లు దండ వేసి మరీ చెప్పారు.

"నీడల నిలవడ్డడు. కనవడలే," అన్నారు చివరికి.

ఆ రోజు నేను నోటుబుక్కు తెరిచి మొదటి అంకె వేశాను. ఆ అంకెలు ఆటకు సంబంధించినవి అనుకున్నాను. అవి ఆయన చూపు లెక్క అని పదకొండు నెలల తర్వాత గాని తెలియలేదు. ఇది రాయడానికి నాకు ఓపిక లేదు. అయినా తేదీలన్నీ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి నేనే రాయాలి.

మేము నల్లగండ్లలో మా అమ్మాయి ఫ్లాటులో ముగ్గురం ఉంటాం. అమ్మాయికి హైటెక్ సిటీలో ఉద్యోగం. మంగళ, శుక్రవారాలు ఇంటి నుంచే పని చేస్తుంది. మోకాళ్ల నొప్పులతో ఆయన నడక తగ్గిపోయి, రోజంతా బాల్కనీలో కూర్చుని కింద పోయే స్కూల్ బస్సుల డ్రైవర్లను తిడుతుంటే చూడలేక, తన పాత కంప్యూటరుకు ఒక స్టీరింగ్ తగిలించి, బస్సు నడిపే ఆట పెట్టిచ్చింది. ఆ ఆటకు ఆడేవాళ్లే తయారుచేసి పెట్టే అదనపు ముక్కలుంటాయి. వాటిని మోడ్‌లంటారు. ఒకటి వేస్తే మన సిటీ బస్సు వస్తుంది. ఇంకొకటి వేస్తే మన రోడ్లలాంటి రోడ్లు, ఫ్లైఓవర్లు వస్తాయి. మూడోది రంగుల మోడ్.

అది లేకపోతే ఆటంతా పది ఉతుకులు పడ్డ లుంగీలా ఉండేది. అది వేయగానే వేపచెట్టు వేపచెట్టులా అయింది, బస్సు ఎరుపు కొత్త పెయింటులా మెరిసింది. కాకపోతే నీడలు కూడా ముదిరాయి. ఫ్లైఓవర్ కింద తారు పోసినట్టు నలుపు. ఆ నలుపులోనే ఆయన మనిషిని గుద్దింది.

"రంగుకొకటి, నీడకొకటి స్లైడర్లున్నయమ్మా. అటూ ఇటూ జరిపి సెట్ చెయ్యాలె," అంది అమ్మాయి. "నాకు మీటింగుంది. నువ్వు చూడు. రంగులు చూసుడు నీ పనే గద."

నిజమే, అది నా పనే. నేను ఇరవై తొమ్మిది సంవత్సరాలు నీళ్ల పరీక్షల ల్యాబులో పని చేశాను. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్క వేస్తే పసుపు తేలుతుంది. పక్కన వరుసగా ప్రమాణ గొట్టాలుంటాయి, ఒక్కొక్క దానిలో ఒక్కో పసుపు. మన గొట్టం దేనితో సరిపోతే ఆ అంకె రాయాలి. రంగును చూసి అంకె చెప్పడమే ఉద్యోగం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది అప్పుడే రాయాలి. ప్రమాణ గొట్టాలు కూడా వెలిసిపోతాయి కాబట్టి నెలకోసారి కొత్తవి పోసుకోవాలి. మాకు నేర్పింది ఇంతే.

మొదటి రోజు నీడ నూరు మీద ఉంది, తొంభైకి దించాను. రంగు యాభై. దాన్ని ముట్టుకోలేదు.

ఈ రెండింటికీ పొత్తు కుదరదు. నీడ దించితే దానితోపాటు రంగు కూడా పాలిపోతుంది, పొగ కమ్మినట్టవుతుంది. అది సరిచేయడానికి రంగు పెంచితే ఎరుపు మండుతుంది, జనం మొహాలు పసుపు రాసుకున్నట్టవుతాయి. రెండు మూడు వారాలకు ఒకసారి కూర్చుని ఐదో పదో అంకెలు జరపడం, ఆయనతో ఒక ట్రిప్పు వేయించడం, అడగడం, రాయడం. తల నొప్పి పుట్టేది. మానేద్దామనుకున్న రోజులున్నాయి. కానీ ఆయన పదకొండు గంటలకల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి వచ్చినట్టు వచ్చి కుర్చీలో కూర్చునేవారు.

"ఏం మేడం, రోడ్డు క్లియరేనా?" అనేవారు.

"క్లియరే. పోనియ్."

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆట మొదలుపెట్టడానికి నెల ముందు, మే నెలలో, నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ కంటితో చూస్తే తెలుపు నీలంగా కనిపించేది, అన్నీ కడిగినట్టుండేవి. ఎడమ కన్ను మూసి తెరిస్తే అదే గోడ టీ మరక పడ్డట్టు. ఒకే స్క్రీను నాకు రెండు రకాలుగా కనబడేది. ఏ కన్ను చెప్పేది నిజమో తేల్చుకోలేక, నా కళ్లను పక్కన పెట్టి, ఆయన కళ్లను ప్రమాణంగా పెట్టుకున్నాను. ఆయన బాగుందంటే బాగున్నట్టు, చీకటి అంటే చీకటి.

"నీది డూప్లికేట్ కన్ను, నాది కంపెనీ మాల్," అని నవ్వేవారు.

నా ఆపరేషన్ అప్పుడు డాక్టరమ్మ ఆయనను కూడా చూపించుకొమ్మంది. "అరవై దాటారు కదండీ, ఏడాదికోసారి చూపించుకోవాలి," అని. సర్వీసులో ఉన్నప్పుడు డ్రైవర్లకు కంటి పరీక్ష ఉండేది, ఆయన ఎప్పుడూ తప్పలేదు. రిటైరయ్యాక అడిగేవాళ్లు లేరు. నేను రెండుసార్లు అడిగాను, ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి.

"జర ఆగు," అన్నారు అక్టోబరులో. "రోజు గంటసేపు బస్సు నడుపుతున్న గద. గుద్దుతున్ననా? గంతకన్నా పరీక్ష ఏముంటది?"

గుద్దడం లేదు, నిజమే. నాకు కూడా అది సబబుగానే తోచింది. ఆ పరీక్షను కొంచెం కొంచెంగా సులువు చేస్తున్నది నేనే అని తట్టలేదు.

నోటుబుక్కులో ఆ నెలలు ఇలా ఉన్నాయి. సెప్టెంబరులో నీడ అరవై ఐదు: "చెట్ల కింద ఇంకా మసక అంటున్నారు." నవంబరులో యాభై: "ఎడమ వైపు బస్‌స్టాపులు సరిగా లేవట. మోడ్ కొత్త వెర్షన్ వచ్చింది, అందుకే కావచ్చు." జనవరిలో ముప్పై ఐదు, రంగు డెబ్భై. మార్చిలో ఇరవై, రంగు ఎనభై. ఆ మార్చి పేజీలో నా రాతే ఇంకొకటి ఉంది: "బస్సు కింద నీడ పోయింది. రోడ్డుకు ఆనడం లేదు, తేలుతున్నట్టుంది. ఆయనకు బాగుందట."

బస్సు తేలుతున్నట్టు నాకు కనబడింది. రాశాను. రాసి ఊరుకున్నాను.

ఇంకో డైరీ ఉంది, ఇంటిది. పాలు, గ్యాసు, మందులు రాసేది. నవంబరు ఇరవై రెండున అందులో: "స్కూటర్ ఎడమ అద్దం పగిలింది. ఆటో తగిలించాడట." తెల్లాపూర్ దారిలో కూరగాయలకు రోజూ స్కూటర్ మీద ఆయనే వెళ్లేవారు. జనవరిలో: "చెప్పుల స్టాండుకు ఆయన కాలు తగిలింది, గోరు లేచింది." ఫిబ్రవరిలో మళ్లీ అదే స్టాండు, అదే కాలు. ఎడమ కాలు. స్టాండునే అక్కడి నుంచి తీయించాను. రెండు పుస్తకాలూ ఒకే బల్ల సొరుగులో ఉండేవి. రెండూ పక్కపక్కన తెరిచి చూడలేదు.

మే ఆరు, మంగళవారం. అమ్మాయి ఇంట్లోనే ఉంది. రెండు మీటింగుల మధ్య టీ కప్పు పట్టుకుని వచ్చి, ఆయన కుర్చీ వెనకాల నిలబడింది. చాలా నెలలుగా ఆ స్క్రీను వైపు చూసింది లేదు, ఆ వేళకు తన పనిలో తాను ఉండేది.

"ఏందమ్మా ఇది!" అంది. "సున్నం కొట్టి మీద గులాల్ చల్లినట్టుంది. కండ్లు పోతయ్. అసలు నీడే లేదు గద?"

"పది మీద ఉంది," అన్నాను. "మీ నాయిన పెట్టమన్నడు."

"పదా!" అని మౌస్ అందుకుని అన్నీ మొదటి అంకెలకు తెచ్చేసింది. నీడ నూరు, రంగు యాభై. కాసేపటికి నా కళ్లకు చల్లగా అనిపించింది. చెట్లు నిలబడ్డాయి, బస్సు రోడ్డు మీదికి దిగింది. ఆటలో అది మిట్టమధ్యాహ్నం.

"పోనియ్ నాయినా, ఎట్లుందో చూడు."

ఆయన రెండో గేరు వేశారు. వంద గజాలు పోలేదు, ఎడమ వైపు బస్‌స్టాపు మీదికి ఎక్కించారు.

"నీడ తియ్ బిడ్డా," అన్నారు. "గా ఎడమ దిక్కు మొత్తం నీడనే ఉంది."

అమ్మాయి స్క్రీను దగ్గరికి వంగింది. తర్వాత ఆయన మొహం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నాయినా, అక్కడ నీడ లేదు. ఎండ ఉంది. ఇద్దరు నిలవడి ఉన్నరు. ఒకామె ఎర్ర చీర కట్టుకుంది."

"ఏడ?"

బస్సు ఇంజను మోత స్పీకర్లో వస్తూనే ఉంది. అమ్మాయి దాన్ని ఆపింది.

అప్పుడు నేను చేయాల్సిన పని చేశాను, పదకొండు నెలలు ఆలస్యంగా. ఆయనను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, కుడి కన్ను అరచేత్తో మూసుకొమ్మని, నా ముక్కు వైపే చూడమన్నాను. నీళ్ల సీసా ఎర్ర మూత పట్టుకుని ఎడమ చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తెచ్చాను.

"కనవడ్డప్పుడు చెప్పు."

"తే మరి."

"తెస్తున్న."

"తెస్తున్న అంటవ్, తేవు. ఏడ పెట్టినవ్, కొంగుల దాచినవా?"

మూత ఆయన ముక్కుకు ఎదురుగా వచ్చాక, "ఆఁ," అన్నారు. రెండోసారి చేశాను. మూడోసారి చేశాను. ల్యాబులో ఏ పరీక్ష అయినా మూడుసార్లు చేసేవాళ్లం. మూడుసార్లూ ఒకటే.

మర్నాడు కూకట్‌పల్లి వైపు ఉన్న కంటి దవాఖానకు ముగ్గురం వెళ్లాం. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే. నీటికాసులు అంది, గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి వెనకాల నరం ఎండిపోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్క చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది. పోయింది తిరిగి రాదు. చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది.

చూపు ఎంత మిగిలిందో కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. తెల్లటి గుండ్రంలో నలుపు. ఆ నలుపును నేను చాలాసేపు చూశాను.

"ఎప్పటి నుంచి ఇబ్బందిగా ఉందండీ?" అని డాక్టరమ్మ ఆయనను అడిగింది.

"ఇబ్బందేం లేదు మేడం. నీడలు జర ఎక్కువైనయ్, గంతే."

నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టాను. ఇదేమిటో రెండు మాటల్లో చెప్పాను. ఆమె పేజీలు తిప్పింది. నవంబరు దగ్గర ఆగింది, మార్చి దగ్గర ఆగింది.

"చాలా జాగ్రత్తగా రాశారమ్మా," అంది. మందలించే గొంతు కాదు. మందలించినా బాగుండేది.

నా దగ్గర ప్రమాణం వెలిసిపోతుంటే నేను నీళ్లను అనుమానించాను. ఇరవై తొమ్మిది సంవత్సరాల్లో ల్యాబులో ఎప్పుడూ చేయని తప్పు ఇది. ఈ మాట ఆయనతో అన్నాను, ఇంటికి వచ్చే ఆటోలో.

"ఇగ ఊకో," అన్నారు. ఎడమ వైపు కూర్చున్నది నేను. నా చెయ్యి కోసం ఆయన చెయ్యి సీటు మీద కాసేపు వెతికింది. "నువ్వు మార్చకపోతే నేను ఎప్పుడో డ్యూటీ దిగిపోతుంటి. పదకొండు నెలలు నడిపించినవ్ గద."

ఆయన అది ఓదార్పుగా అన్నారు. నేను అలా తీసుకోలేకపోయాను.

చుక్కలు పొద్దున ఏడింటికి, రాత్రి ఎనిమిదింటికి నేనే వేస్తాను. వేసినట్టు రాస్తాను. ఆట మీద ఆయన మళ్లీ కూర్చోలేదు. అమ్మాయి తీసేయమంటావా అని అడిగితే, ఉండనీ అన్నారు. ఇప్పుడు నా ఎడమ కంటికి కూడా ఆపరేషన్ అయింది, రెండు కళ్లూ ఒకే రంగు చెబుతున్నాయి. ఒకసారి ఒక్కదాన్నే కూర్చుని స్క్రీను పెట్టి చూశాను. నీడ నూరు, రంగు యాభై. ఫ్లైఓవర్ కింద కొంచెం చీకటే, కానీ మనిషి కనిపిస్తున్నాడు. మొదటి రోజు కూడా కనిపించి ఉంటాడు. అసలు మార్చవలసింది ఏమీ లేదు.

మొత్తం మార్పులు పంతొమ్మిది. నీడవి పదిహేను, రంగువి నాలుగు. నీడ నూరు నుంచి పదికి, రంగు యాభై నుంచి తొంభైకి.

పోయినవి: ఎడమ కంట్లో పక్క చూపు మొత్తం. కుడి కంట్లో కింది సగం. స్కూటర్ అద్దం ఒకటి, తర్వాత స్కూటర్. తెల్లాపూర్ దారి. ఉదయం పదకొండు గంటల డ్యూటీ. జూన్ పదకొండు నుంచి మే ఆరు దాకా, మూడు వందల ఇరవై తొమ్మిది రోజులు.