ఆయిల్ గేజీలో పడిపోయిన ముల్లు

1999 ఆగస్టులో నేను సిడ్నీలో, పారమట్టాకు దగ్గరగా ఉన్న ఒక ఆటో ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో ప్రొబేషన్ మీద ఉన్నాను. అంతకుముందు గుంటూరులో బస్సు డిపోలో పదహారేళ్లు పనిచేసి, హెడ్ ఎలక్ట్రీషియన్‌గా రాజీనామా ఇచ్చి వచ్చినవాణ్ణి. అక్కడ నా కింద తొమ్మిదిమంది. ఇక్కడ నా కింద ఉన్నదల్లా సాయంత్రం నేనే తుడవాల్సిన నేల. మూడు నెలలు చూసి, పని నచ్చితే ఖాయం చేస్తామన్నారు. అప్పటికి రెండు నెలలు గడిచాయి. ఇది పోతే వచ్చిన కొత్తలోలా మళ్లీ ట్యాక్సీ తోలుకోవాలి, నలభై మూడేళ్ల వయసులో చేతిలో ఉన్న విద్య వదులుకోవాలి. ఆ భయం నన్ను రోజూ తినేసేది.

అవి వైటుకే రోజులు, 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తికమకపడతాయని సాఫ్ట్‌వేరువాళ్లకు గిరాకీ. ఏ తెలుగువాళ్లింటికి వెళ్లినా మొదటి ప్రశ్న, "మీరు మెయిన్‌ఫ్రేమాండీ, జావానా?" అని. "గ్రీజండీ" అనేవాణ్ణి. కొందరు నవ్వేవారు, కొందరు పక్కవాళ్లవైపు తిరిగేవారు. నవ్వినవాళ్లలో రాజమండ్రి చక్రవర్తి ఒకడు. పారమట్టాలో ఒక ఆఫీసులో, పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా ఉన్న సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని అతనిది. తోటివాళ్లంతా ఇళ్లు చూసుకుంటుంటే ఇతగాడు అరవయ్యో దశకం నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, ముదురాకుపచ్చ రంగు. భార్య దాన్ని "మీ రెండో సంసారం" అనేదట.

ఆ కారులో స్పీడోమీటరు, ఇంజిన్ తిరిగే వేగాన్ని చూపే టాకోమీటరు బాగానే పనిచేసేవి. ఆయిల్ గేజీ మాత్రం ఎప్పుడో చచ్చింది. చక్రవర్తి మూడు కొత్త గేజీలు కొని తెచ్చాడు: ఆయిల్ ప్రెషర్, నీళ్ల వేడి, బ్యాటరీ వోల్టేజీ. ఒక్కటే షరతు పెట్టాడు. చెక్క డ్యాష్‌బోర్డుకు కొత్తగా ఒక్క కన్నం కూడా పడకూడదు. మా ఫోర్‌మన్ గ్రెగ్ జాబ్ కార్డు నా చేతికిచ్చి, ఇది నువ్వొక్కడివే చెయ్యి అన్నాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి పని ఒంటరిగా అప్పగించాడంటే పరీక్ష పెట్టినట్టే.

ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. కొత్త గేజీలకు నెగెటివ్ కొస కలిపి ఉండాలి, లేకపోతే పెట్టిన క్షణమే కాలిపోతాయి. ఈ కారుకు ఎవరో అంతకుముందే మార్పించారని చక్రవర్తి చెప్పాడు. ఆ మాట నమ్మకుండా మీటరు పెట్టి రెండుసార్లు చూసుకున్నాను. డ్యాష్‌బోర్డు కింద నల్లటి ఇనుప పట్టీ వేలాడదీసి, ఉన్న స్క్రూలకే బిగించి, మూడు గేజీలూ అందులో కూర్చోబెట్టాను. వైర్లన్నీ పాత వైర్ల వెంటే నడిపాను. ఇంజిన్‌కు సెండర్లు బిగించాను. సెండర్ అంటే బోల్టులాంటి చిన్న పరికరం. ఇంజిన్‌లోని ప్రెషర్‌నో వేడినో పసిగట్టి ఒక్క వైరు ద్వారా గేజీకి చెబుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం చక్రవర్తి వచ్చాడు. పట్టీ చూసి, గేజీల అద్దాలను చొక్కా అంచుతో తుడిచి మురిసిపోయాడు. ఇంజిన్ స్టార్ట్ చేశాను. వోల్టేజీ సరిగ్గా ఉంది. నీళ్ల వేడి మెల్లగా ఎక్కుతోంది. ఆయిల్ ముల్లు మాత్రం అడుగున రెండుసార్లు కొట్టుకుని సున్నా మీద పడిపోయింది. వెంటనే ఆపేశాను. ఆయిల్ సరిపడా ఉంది. వైరు బిగువుగానే ఉంది. గ్రెగ్ వచ్చి, ఒక్క నిమిషం నడిపించి చెవిపెట్టి విన్నాడు.

"మే బీ ద బేరింగ్స్, మేట్. షీ ఈజ్ ఓల్డ్," అన్నాడు. బేరింగులు అరిగితే ఆయిల్ ప్రెషర్ నిలబడదు. ఖాయంగా చెప్పాలంటే వైర్లతో సంబంధం లేని టెస్ట్ గేజీ పెట్టి చూడాలి. అది ఆ రోజు మా రెండో షాపులో ఉంది. సోమవారం చూద్దాం, నిజమైతే ఇంజిన్ దించాల్సిందే అన్నాడు.

చక్రవర్తి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "నిన్నటిదాకా బంగారంలా నడిచిందండి మస్తాన్ గారూ," అన్నాడు. ఆ నిన్నటిదాకా అన్న మాట నాకు గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పార్కులో మనవాళ్ల బార్బీ, అంటే ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందు. ఇద్దరమూ ఉన్నాం. చక్రవర్తి నన్ను తప్పుపట్టలేదు గానీ, కారు సంగతి తెలిసినవాళ్లెవరో పుల్లేశారు. "ఏంటి మస్తాన్ గారూ, మీరు హ్యాండ్ పెడితే ఇంజినే స్టాప్ అయిపోయిందంట?" అందరూ నవ్వారు. నాకు అసలే ముక్కుమీద కోపం. "నా పనిలో రవ్వంత లోపం లేదు. ముప్పై అయిదేళ్ల ముసలి ఇంజిన్ కొనుక్కుని మెకానిక్‌ను అంటే ఎలా? కొనేముందు చూసుకోవాల్సింది," అని అందరిముందూ కసిరేశాను. చక్రవర్తి పేపరు ప్లేటులోకి చూస్తూ, "నిజమేనండి, నాకేం తెలుసు," అన్నాడు.

సోమవారం ఏడింటికే షాపుకెళ్లాను. గ్రెగ్ ఆఫీసు గదిలో ఫోనులో ఉన్నాడు. సెండర్ విప్పి ఆ చోట, రెండో షాపు నుంచి వచ్చిన టెస్ట్ గేజీ బిగించి స్టార్ట్ చేశాను. ముల్లు యాభై దాటి నిలబడింది! వేడెక్కాక కూడా ఇరవైకి తగ్గలేదు. ఇంజిన్ గుండ్రాయిలా ఉంది. అమ్మయ్య అనుకుని బల్ల మీదున్న సెండర్‌ను చేతిలోకి తీసుకున్నాను.

దాని మర చుట్టూ తెల్లటి టెఫ్లాన్ టేపు. ఆరు చుట్లు, నేనే చుట్టాను. డిపోలో మా ఆయిల్ గేజీలు పైపు గేజీలు. ఆయిల్ సన్నటి పైపులో డ్రైవరు ముందున్న గేజీదాకా వచ్చేది. కారకుండా ప్రతి మర మీదా దారమో టేపో చుట్టి సఫేదా అనే తెల్లటి పేస్టు రాయడం మా పద్ధతి. చుట్టనివాణ్ణి నేనే తిట్టేవాణ్ణి. ఈ సెండర్ అలాంటిది కాదు. దానికున్నది ఒక్కటే వైరు. కరెంటు తిరిగి వెళ్లాల్సింది ఆ మర గుండానే, ఇంజిన్ ఇనుములోకి. కరెంటును పోనివ్వని టేపుతో నేను ఆ దారిని చేజేతులా మూసేశాను. దారి మూసుకుంటే ఈ రకం గేజీ ముల్లు కిందికి పడిపోతుంది. నీళ్ల వేడి సెండర్‌కు రాగి వాషరు దానితోపాటే వచ్చింది కాబట్టి టేపు చుట్టలేదు. అందుకే అది నిజం చెప్పింది.

టేపు పీకి జేబులో వేసుకుని, వైరు వదులైందంటే ఎవరికీ తెలిసేది కాదు. నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ణి కాను, అలా చేద్దామనే అనుకున్నాను కూడా. కానీ పేపరు ప్లేటులోకి చూస్తూ నిజమేనండి అన్న మనిషి కళ్లముందు మెదిలాడు. టేపుతో సహా సెండర్‌ను పట్టుకెళ్లి గ్రెగ్ బల్ల మీద పెట్టాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

గ్రెగ్ దాన్ని తిప్పి చూశాడు. ఇండియాలో పైపు గేజీలా అని అడిగాడు. అవునన్నాను. టేపు ముక్క ఏదైనా తెగి ఇంజిన్ లోపలికి పోయిందా అని అడిగాడు. లేదు, ఆరు చుట్లూ ఉన్నాయన్నాను. టేపు తీసి మళ్లీ బిగించమన్నాడు. స్టార్ట్ చేస్తే కొత్త గేజీ కూడా టెస్ట్ గేజీ చెప్పిన మాటే చెప్పింది. అప్పుడు ఫోను నావైపు జరిపి, "యూ టెల్ హిమ్," అన్నాడు.

చక్రవర్తికి ఫోను చేసి, ఇంజిన్ బాగానే ఉందని, లోపం నాదేనని, అందరిముందూ అన్న మాటకు సిగ్గుపడుతున్నానని చెప్పాను.

"మీ తప్పేనాండీ? ఇంజిన్‌ది కాదు కదా? హమ్మయ్యా, బతికించారండీ బాబూ!" అంటూ పగలబడి నవ్వాడు. నాకూ కళ్లు చెమర్చేంత నవ్వొచ్చింది. గ్రెగ్ జాబ్ కార్డు మీద 'బిగించినవాడి పొరపాటు, బిగించినవాడే కనిపెట్టాడు' అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాడు. సెప్టెంబరులో నన్ను ఖాయం చేసినప్పుడు ఆ కార్డు నా ఫైల్లోనే ఉంది.

ఆ షాపులోనే రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కొత్త గేజీ చెడ్డవార్త చెబితే ఇంజిన్‌ను అనుమానించడానికి ముందు మీ చేతిని అనుమానించండి. అదీ కస్టమరుతో నోరు జారకముందే.